పక్క చెరువు వైరస్ రొయ్య మా చెరువులో వేస్తున్న సీగల్స్: వీటిని ఆపేదెలా?

మొగల్తూరు_చెరువుగట్టు
సముద్రం దగ్గర్లో మాకు వనామీ రొయ్యల చెరువులున్నాయి. పోయిన వారం పక్కాయన చెరువుకి వైట్ స్పాట్ (తెల్లమచ్చల వైరస్ రోగం) కొట్టింది. ఆయన రాత్రికి రాత్రే తూము ఎత్తేసి నీళ్లు డ్రైన్‌లోకి వదిలేశాడు, చచ్చిన రొయ్యంతా అడుగున బురదలోనే ఉండిపోయింది. తెల్లారేసరికి వందల్లో తెల్ల పిట్టలు దిగాయి. కొంగలు కావు, సముద్రపు కాకులు, అవేనండి సీగల్స్. అక్కడ ముక్కున కరుచుకుని మా చెరువు మీదుగానే పోతున్నాయి. నిన్న మా గట్టు మీద సగం తిన్న రొయ్య దొరికింది, తల మీద పెంకుకి తెల్లచుక్కలు స్పష్టంగా కనబడుతున్నాయి. మాది ఇంకా కిలోకి అరవై తూగే సైజుకి, అంటే 60 కౌంట్‌కి రాలేదు, పెట్టుబడంతా నీళ్లలోనే ఉంది. వీటి పీడ వదిలే దారి ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మా కుర్రాళ్లు ఎయిర్ గన్ తెస్తామంటున్నారు.

కోనసీమ_కొబ్బరి
టపాకాయలు కాల్చండి. మొదటి రెండు రోజులు బాగా పనిచేస్తుంది. మూడో రోజుకి చప్పుడు వినగానే భోజనానికి పిలిచారనుకుని వస్తాయి.

బైనాక్యులర్_బాబాయ్
ఎయిర్ గన్ మాట ముందు మానిపించండి. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, రొయ్య పోయినదానికి తోడు కోర్టు ఖర్చు కూడా మీద పడుతుంది.

అసలు వచ్చింది ఏ పిట్టో చెప్పండి. మన డెల్టాలో శీతాకాలం ఎక్కువగా కనిపించేవి మూడు. గోధుమతల సీగల్‌కి ఎర్ర ముక్కు, చివర నలుపు, కాళ్లు ఎరుపు. పెద్దవాటి కన్ను లేతగా ఉంటుంది. రెక్క చివర నల్లగా ఉండి ఆ నలుపులో తెల్ల మచ్చలు కనిపిస్తాయి. నల్లతల సీగల్ దానికంటే కాస్త చిన్నది, కన్ను నలుపు, రెక్క ముందు అంచు తెల్లగా మెరుస్తుంది. మూడోది పల్లాస్ సీగల్. అది దిగితే మీకు వెంటనే తెలిసిపోతుంది, రెక్కలు చాపితే అయిదడుగులు దాటుతుంది, పసుపు ముక్కు మీద ఎరుపు, నలుపు పట్టీ ఉంటుంది.

పేరులో గోధుమతల, నల్లతల అని ఉన్నా ఇప్పుడు వెతికితే ఆ రంగు కనబడదు. శీతాకాలంలో తల తెల్లబడి కంటి వెనక ఒక్క మచ్చ మిగులుతుంది. తిరిగి వెళ్లే ముందు, ఫిబ్రవరి మార్చిలో, మళ్లీ ముదురు రంగు ఎక్కుతుంది.

మొగల్తూరు_చెరువుగట్టు
ఎర్ర ముక్కు, చివర నలుపు, కంటి వెనక మచ్చ, రెక్క చివర నలుపులో తెలుపు, అన్నీ సరిపోయాయి. మీరు చెప్పిన మొదటిదే. కొన్నింటికి మాత్రం రెక్కల మీద గోధుమరంగు చారలు, తోక చివర నల్ల పట్టీ ఉన్నాయి.

బైనాక్యులర్_బాబాయ్
చారలున్నవి ఈ ఏడు పుట్టిన పిల్లలు. లడఖ్‌లో త్సో కార్, త్సో మొరీరి లాంటి చెరువుల దగ్గర, టిబెట్ పీఠభూమిలో, చైనాలో చింగ్‌హై సరస్సు దగ్గర గుడ్లు పెడతాయివి. అక్కడ గడ్డకట్టే వేళకి అక్టోబరు నుంచి మన తీరానికి చేరతాయి, మార్చి ఏప్రిల్‌లో తిరిగి పోతాయి. ఆ పిల్ల పిట్ట మీ చెరువు చూడటం జన్మలో ఇదే మొదటిసారి.

భైరవపాలెం_నావ
మా వాళ్లకి సీగల్ కనబడితే సంతోషం. సముద్రం మీద ఒకచోట గుంపుగా తిరుగుతూ నీళ్ల మీదికి దిగుతున్నాయంటే కింద చేప పైకి తేలిందని లెక్క, నావ అటు తిప్పుతాం. జీపీఎస్, ఫిష్ ఫైండర్ వచ్చాక కూడా మా నాన్న ముందు ఆకాశం కేసే చూస్తాడు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. మా చిన్నప్పుడు మరబోట్లు వల లాగి, పనికిరాని చిన్న చేపంతా సముద్రంలోనే పారబోసేవి. వెనకాల తెల్లగా పిట్టల గుంపు ఉండేది. ఇప్పుడు ఆ చెత్త చేప కూడా ఫిష్ మీల్ ఫ్యాక్టరీలు కొంటున్నాయి, అంతా ఒడ్డుకే వస్తోంది. దాంతో పిట్టలు కూడా ఒడ్డుకే రావడం మొదలెట్టాయి. హార్బర్లు, ఎండబెట్టే దిబ్బలు, చెరువులు. తిండి ఎటు పోతే అటు పోతాయి, వాటి తప్పేముంది?

తణుకు_కోళ్ల_ఫారం
తప్పేముంది అంటే ఎలాగండీ? 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరుల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా చుట్టుపక్కల ఎన్ని ఫారాలు ఖాళీ అయ్యాయో మీకు తెలియదు. రోగం లేని ఊళ్లలో కూడా చికెన్ కొనేవాడు లేడు. ఆ చింగ్‌హై సరస్సులోనే 2005లో వేలల్లో పక్షులు బర్డ్ ఫ్లూతో చచ్చాయి, అందులో ఈ గోధుమతల సీగల్స్ కూడా ఉన్నాయి. అక్కడి నుంచి నేరుగా మన చెరువుల మీదికి వస్తున్నాయంటే నాకు భయమే. మాది రైతు బాధ, మీది సరదా.

హేచరీ_సీడు
బర్డ్ ఫ్లూ సంగతి తెలిసినవాళ్లు చెప్తారు. వైట్ స్పాట్ వరకు నేను చెప్తాను, రోజూ చేసే పని అదే.

మొదటి పోస్టు పెట్టినాయన భయం సగం నిజం. రోగపు రొయ్య తిన్న పిట్ట రెట్టతో వైట్ స్పాట్ అంటుతుందా అని సీగల్ జాతి పక్షుల మీద ప్రయోగాలు చేశారు. పక్షి పేగుల్లోంచి బయటికొచ్చేసరికి ఆ వైరస్ చచ్చిపోతోంది, రెట్ట తిన్న రొయ్యకి రోగం రాలేదు. (టౌరా అని రొయ్యలకే వచ్చే ఇంకో వైరస్ ఉంది, దానిది వేరే కథ, అది రెట్టలో కూడా బతికింది.) కాబట్టి సీగల్ మీ చెరువు మీద రెట్ట వేసిందని గుండెలు బాదుకోనక్కర్లేదు.

అసలు ప్రమాదం నోట్లోంచి జారిపడే రొయ్య. చచ్చిన రొయ్య మాంసంలో వైరస్ ఉంటుంది. అది మీ నీళ్లలో పడితే మీ రొయ్యలు దాన్ని పీక్కు తింటాయి. అంతే, మూడు నాలుగు రోజుల్లో మేత తినడం మానేసి గట్టు వారకి చేరతాయి.

గరగపర్రు_గట్టు
మా అనుభవంలో కాకే పెద్ద దొంగ. సీగల్ చిన్న రొయ్యని గాల్లోనే మింగేస్తుంది, పడేసేది తక్కువ. కాకి అలా కాదు, కాలి కింద అదిమి, తల పీకి, పెంకు వొలుచుకుని తింటుంది. వొలుచుకోవడానికి పక్క గట్టుకే వస్తుంది. మీకు దొరికిన సగం తిన్న రొయ్య కాకి పని కావచ్చు.

బైనాక్యులర్_బాబాయ్
గరగపర్రు గారు చెప్పింది నిజమే, కానీ ఒక్క మెలిక ఉంది. రొయ్య పెద్దదైతే సీగల్ కూడా ఒక్క గుక్కలో మింగలేదు. నోట్లో పెట్టుకుని ఎగురుతుంది, వెంటనే మిగతావి దాని వెంటపడతాయి. ఒకదాని తిండి ఒకటి లాక్కోవడం ఈ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. కాకినాడ హార్బర్లో గంటసేపు నిలబడితే చాలు. కవలగుండ చేప ఒకదాని నోట్లో ఉంటుంది, వెనక అయిదారు అరుస్తూ తరుముతుంటాయి. అది గిరికీలు కొట్టి, చివరికి బరువు దించుకోవడానికి చేప వదిలేస్తుంది. కింద నీళ్లలో పడేలోపు ఇంకోటి పట్టేస్తుంది, ఒక్కోసారి పట్టలేదు. ఆ పట్టలేని రొయ్య మీ చెరువులో పడటమే మీ సమస్య.

మొగల్తూరు_చెరువుగట్టు
అంటే పక్కాయన చేసిన పనికి నేను బలి కావాలి. ఆయన్ని అడిగితే "పిట్టలకి నేను తాళం వేస్తానా" అంటున్నాడు.

హేచరీ_సీడు
ఆయన తూము ఎత్తకుండా ఉంటే పిట్టలే దిగేవి కావు. వైరస్ కొట్టిన చెరువుకి చెయ్యాల్సింది నీళ్లు అలాగే ఉంచి క్లోరిన్ కొట్టడం, కనీసం వారం ఆపడం, చచ్చిన రొయ్య ఏరి సున్నం వేసి గొయ్యిలో పూడ్చడం. నీళ్లుండగా అడుగున పడ్డ రొయ్య సీగల్‌కి అందదు, అది బాతులా మునిగే పక్షి కాదు, పైపైన ఏరుకునేది. నీళ్లు తీసి బురద మీద పరిచిపెడితే విస్తరి వేసి పిలిచినట్టే. పైగా ఆ నీళ్లు డ్రైన్‌లో పడితే, అదే డ్రైన్‌లోంచి మోటారు పెట్టి తోడుకునే ప్రతి చెరువుకీ పిట్ట సాయం లేకుండానే రోగం పోతుంది. మీరు కూడా ఆ డ్రైన్ నీళ్లే తోడుతున్నారా? తోడుతుంటే ఈ రోజే ఆపండి.

మొగల్తూరు_చెరువుగట్టు
తోడుతున్నాం. మొన్ననే పెట్టాం. ఇప్పుడే మోటారు ఆపించాను.

నరసాపురం_ఏరేటర్
చెరువు మీద తీగలు కట్టలేదా? వనామీకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల్లోనే ఉంది, పక్షులకి అడ్డం, గట్టు చుట్టూ పీతలకి కంచె. మేం గట్టు నుంచి గట్టుకి రెండు మూడడుగుల ఎడంలో దారాలు లాగి, మెరిసే రిబ్బన్ కట్టాం. సీగల్ రెక్క పొడుగు, తీగల మధ్య దిగలేదు. కొంగలు మాత్రం గట్టు మీద నడిచి వస్తాయి, వాటికి పక్కల వల కావాలి.

యానాం_మడ
దారం కడితే మందంగా, రంగున్నది కట్టండి, దయచేసి. సన్నటి తెల్ల నైలాన్ తీగ వాటికి కనబడదు. పోయిన సంక్రాంతి రోజుల్లో మా ఊరి రేవులో ఒక సీగల్‌ని పట్టుకున్నాం. రెక్క మడత దగ్గర తీగ చర్మంలోకి కోసుకుపోయింది, ఈకలు రక్తంతో అతుక్కుపోయాయి. మా అక్క తువ్వాలు కప్పి ఒళ్లో పెట్టుకుంది, నేను గోళ్ల కత్తెరతో ఒక్కో చుట్టు కోశాను. దగ్గరగా చూస్తే కంటి చుట్టూ సన్నటి ఎర్రటి రింగు ఉంటుంది, కన్నేమో పాలలో బూడిద కలిపిన రంగు. నా వేలు రెండుసార్లు కొరికింది. ముక్కు రంధ్రంలోంచి నీటిబొట్టు జారుతుంటే జలుబు చేసిందనుకుంది మా అక్క.

బైనాక్యులర్_బాబాయ్
అది ఉప్పునీరు. కళ్ల పైన పుర్రెలో వాటికి ఉప్పు గ్రంథులుంటాయి. సముద్రపు నీళ్లు తాగినా రక్తంలో ఎక్కువైన ఉప్పుని అవి లాగేసి ముక్కు ద్వారా బయటికి పంపేస్తాయి. అందుకే లడఖ్‌లో ఉప్పు చెరువైనా, మన ఉప్పుటేరైనా వాటికి ఇబ్బంది లేదు. తల విదిలిస్తూ కనబడితే ఆ బొట్టు దులుపుకుంటున్నట్టు. తర్వాత ఎగిరిందా?

యానాం_మడ
రెండు రోజులు అట్టపెట్టెలో ఉంచి చిన్న చేపలు పెట్టాం. మూడో రోజు పెట్టె మూత తీయగానే పోయింది. మా అక్కకి కనీసం వెనక్కి చూడలేదని కోపం.

దుమ్ములపేట_ఎండుచేప
మీ అందరికీ అందంగా ఉందిగానీ, చేప ఎండబెట్టుకునే మా ఆడాళ్ల సంగతి కూడా రాయండి. నెత్తళ్లు, కవలగుండలు ఇసుక మీద పరిస్తే, పొద్దున్నే గద్దలు, కాకులు, ఇవీ కలిసి దిగుతాయి. కర్ర పట్టుకుని ఎండలో కూర్చోవాలి. పాత వల కప్పితే ఎండటం ఆలస్యమవుతుంది, మబ్బు పడితే పురుగు పడుతుంది. వెదురు పందిరి మీద వల పరిచి దాని మీద ఆరబెడితే కింద గాలి ఆడుతుంది, ఇసుకంటదు, పైన కూడా వల వేసుకోవచ్చు. ఆ పందిరికి డబ్బులు పెట్టగలిగినవాళ్లు బాగుపడ్డారు, మిగతావాళ్ల చేతిలో కర్రే ఉంది.

గద్ద కంటే సీగల్ నయం అని మాత్రం చెప్తాను. గద్ద చేతిలోంచి కూడా లాక్కుంటుంది.

అబర్డీన్_ఆడపడుచు
మా పుట్టిల్లు అమలాపురం, ఉండేది స్కాట్లాండ్‌లో. చేతిలోంచి లాక్కునే సీగల్స్ కావాలంటే ఇక్కడికి రండి. ఇక్కడివి హెర్రింగ్ గల్స్, మన వాటికి రెట్టింపు ఉంటాయి. ఇంటి కప్పుల మీదే గూళ్లు కడతాయి. మే, జూన్‌లో పిల్లలున్నప్పుడు వీధిలో నడిస్తే తల మీదికి దూసుకొస్తాయి. కప్పు మీద నక్క రాదు, ఊళ్లో కాస్త వెచ్చగా ఉంటుంది, కింద చెత్తడబ్బాల్లో తిండి. ఒకప్పుడు సముద్రపు కొండకొమ్ముల మీద ఉండేవి ఊళ్లలోకి వచ్చాయి.

ఊళ్లో ఎన్ని ఉన్నా, దేశం మొత్తం మీద వాటి సంఖ్య బాగా పడిపోయింది, 2009 నుంచి ఇక్కడి ప్రమాదంలో పడ్డ పక్షుల ఎర్ర జాబితాలో ఉన్నాయి. మా వీధివాళ్లకి చెప్తే నమ్మరు. ఇంకోటి, 2019లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు చూశారు, తిండి ముందు పెట్టుకుని సీగల్ కళ్లలోకి సూటిగా చూస్తే అది రావడానికి జంకుతుందట. నేను చిప్స్ తినేటప్పుడు అదే చేస్తాను, పని చేస్తుంది.

కోనసీమ_కొబ్బరి
మొగల్తూరు గారూ, గట్టు మీద వరసగా నిలబడి అందరూ కళ్లలోకి చూడండి.

కాకినాడ_బీచ్‌రోడ్డు
మా కాకినాడ ఎదురుగా సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ మీద మే నెలలో నేను సీగల్ గుడ్లు చూశాను. ఇసుకలో చిన్న గుంట, రెండు మూడు గుడ్లు. మరి ఇక్కడ గూళ్లు పెట్టవంటారే?

బైనాక్యులర్_బాబాయ్
అవి టెర్న్‌లవి అయి ఉంటాయి. రెక్క సన్నగా, ముక్కు సూదిలా ఉండి, గాల్లో నిలబడి నిట్టనిలువుగా నీళ్లలో దూకేవి. కొన్ని రకాలు ఎండాకాలం ఇసుక మేటల మీద గుడ్లు పెడతాయి. మే నాటికి సీగల్స్ దాదాపు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి. అందుకే అబర్డీన్ బాధ మనకి లేదు, ఇక్కడ మన కప్పుల మీద పిల్లల్ని కాపాడుకునే పని వాటికి లేదు. ఊరి చెత్త దిబ్బ మన దగ్గర కాకులది, గద్దలది. ఏడాది పొడుగునా అక్కడే ఉండేవి అవి. సీగల్ ఆ పోటీలోకి పెద్దగా దిగదు, నీరున్నచోటే తిరుగుతుంది.

కాకినాడ_బీచ్‌రోడ్డు
ఏమో, నాకు మాత్రం సీగల్ లాగే అనిపించింది. ఫోటో దొరికితే పెడతాను.

రాజమండ్రి_రేవు
మా రేవులో శీతాకాలం పొద్దున్నే పడవెక్కి కారప్పూస విసిరితే చుట్టూ మూగుతాయి. పిల్లలు ఎంత సంబరపడతారో. ప్రయాగ సంగమంలో కూడా ఇలాగే చేస్తారు. దీనివల్ల నష్టమేంటి?

యానాం_మడ
నూనెలో వేగిన ఉప్పు పిండి వాటి తిండి కాదు. కడుపు నిండుతుంది, బలం రాదు. మార్చిలో హిమాలయాలు దాటి పోవాల్సిన పక్షి అది, ఒంట్లో కొవ్వు చేపతో పట్టాలి. కారప్పూసతో పాటు ప్లాస్టిక్ సంచి కూడా నీళ్లలోకే పోతోంది. ఒకేచోట గుంపు చేరితే రోగం పాకడం కూడా తేలిక.

రాజమండ్రి_రేవు
ఆ పడవ వాళ్లకి నాలుగు డబ్బులు వస్తున్నాయి కదా, అది కూడా చూడాలి. ఊరికే చూడ్డానికి కూడా జనం పడవెక్కుతారు, విసరకుండా తిప్పమని వాళ్లకే చెప్పి చూస్తాను.

పశువైద్యం_పాలకొల్లు
తణుకు గారి మాట పక్కకి నెట్టేయకండి, ఆయన చెప్పిన చింగ్‌హై సంగతి నిజం. 2005లో అక్కడ 6 వేలకు పైగా పక్షులు పోయాయి, ఎక్కువ బాతుజాతివి, సీగల్స్ కూడా ఉన్నాయి. 2023లో బ్రిటన్‌లో నల్లతల సీగల్స్ గూళ్ల దగ్గరే గుట్టలుగా చచ్చాయి. సీగల్స్‌లో మామూలుగా తిరిగే ఫ్లూ రకాలు వేరు, హెచ్13, హెచ్16 అంటాం, వాటితో కోళ్లకి పెద్దగా ప్రమాదం లేదు. ఫారాల్ని ఖాళీ చేసే బర్డ్ ఫ్లూ రకం హెచ్5ఎన్1 అలా కాదు, పక్షిని కూడా చంపుతుంది, ఫారాన్ని కూడా.

కానీ ఫారం లోపలికి అది వచ్చే దారులు చూడండి. గుడ్ల ట్రేలు, మేత లారీ చక్రాలు, పనివాళ్ల చెప్పులు, చచ్చిన కోళ్లని కాలవలో పడెయ్యడం. సీగల్ కోళ్ల షెడ్డులో దూరదు. కాలవలో తేలుతున్న కోడిని మాత్రం కాకి, గద్ద, సీగల్ అన్నీ పొడుస్తాయి, మన రోగం వాటికి అంటుతుంది. ఫారం చుట్టూ ఒక కిలోమీటరు రోగ మండలం, పది కిలోమీటర్లు నిఘా అని గీత గీస్తాం. కాలవ ఆ గీత దగ్గర ఆగదు కదా.

తణుకు_కోళ్ల_ఫారం
కాలవలో పడేసేవాళ్లని నేను సమర్థించను. మేం గొయ్యి తీసి సున్నం వేస్తాం. కానీ నీళ్ల ట్యాంకు మీద మూత లేని ఫారాలు ఎన్నో ఉన్నాయి, వాటి మీద పిట్ట వాలితే? అందుకే నేను పిట్ట మీద అనుమానం వదలను.

పశువైద్యం_పాలకొల్లు
అనుమానం ఉంచుకోండి, ట్యాంకుకి మూత కూడా పెట్టించండి.

మొగల్తూరు_చెరువుగట్టు
పక్కాయన్ని, ఇంకో నలుగురు రైతుల్ని కూర్చోబెట్టాం. గట్టిగానే వాదన అయింది. చివరికి మిగిలిన రొయ్య ఏరించి, గొయ్యి తీసి పూడ్చాడు, బురద మీద బ్లీచింగ్ చల్లించాడు, ఆ కూలి మేం సగం పెట్టుకున్నాం. సాయంత్రానికి పిట్టలు పల్చబడ్డాయి, ఇప్పుడు ఉప్పుటేటి వార బురదలో ఉన్నాయి. మేత తింటున్నాయో లేదో చూడ్డానికి దించే చెక్ ట్రేలో మా రొయ్య ఇంకా మేత తింటోంది. వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్షకి శాంపిల్ పంపాం. రిజల్ట్ వచ్చేదాకా నిద్ర లేదు.

హేచరీ_సీడు
శాంపిల్ ఒక్క చెరువుది కాకుండా అన్నింటివీ వేరువేరుగా పంపండి. ఒక చెరువులో వాడిన వల ఇంకో చెరువులో దించకండి. పీతలున్నాయేమో చూడండి, అవి రోగం లేనట్టే కనబడుతూ మోస్తాయి.

భైరవపాలెం_నావ
ఉప్పుటేటి వార బురద అన్నారు కాబట్టి చెప్తున్నా. అసలు వాటి చోటు అదే. ఆటు దిగినప్పుడు బయటపడే ఆ బురదలో పురుగు, పీత పిల్ల, చిన్న చేప ఏరుకునేవి. మడ అడవి కొట్టి, బురద పూడ్చి, గట్లు కట్టుకుంటూ పోయాం. తీరాన చెరువు లేని చోటు వెతుక్కోవాలి ఇప్పుడు. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల అభయారణ్యం 1978లో పెట్టబట్టి అటువైపన్నా మిగిలింది.

నరసాపురం_ఏరేటర్
చెరువులు లేకపోతే ఈ ఊళ్లలో జనం వలస పోయేవాళ్లు, అది కూడా రాయండి.

భైరవపాలెం_నావ
కాదనను. మా ఇంట్లో కూడా ఒకడు చెరువు కాపలాకే పోతున్నాడు. ఉన్న బురదని మాత్రం ఇంక పూడ్చొద్దంటున్నా.

అత్తిలి_డిగ్రీ
నేను జువాలజీ చదువుతున్నాను. జనవరిలో నీటిపక్షుల లెక్క జరుగుతుందని విన్నాను, మాలాంటివాళ్లు వెళ్లొచ్చా? సీగల్స్‌ని ఎగురుతుంటే ఎలా లెక్కపెడతారు?

బైనాక్యులర్_బాబాయ్
వెళ్లొచ్చు. ఆసియా అంతటా జరిగే లెక్క అది, మన దేశంలో 1987 నుంచి ఉంది. కోరింగ వైపు అటవీ శాఖ అనుమతి కావాలి, ముందే పేరు ఇవ్వండి. ఎగురుతుంటే లెక్కపెట్టం. పోటు మీద నీరెక్కితే బురద మునిగిపోతుంది, పిట్టలన్నీ మిగిలిన ఇసుక దిబ్బ మీదికి చేరి గాలికి ఎదురుగా నిలబడతాయి, అప్పుడు ఎడమ నుంచి కుడికి పదులుగా లెక్కవేస్తాం. కుంభాభిషేకం రేవు వైపైతే పోటు టైము చూసుకుని గంట ముందే చేరాలి.

భైరవపాలెం_నావ
పోటు టైము నన్నడగండి, ఏ రోజుకి ఆ రోజు చెప్తాను. నావ కూడా ఉంది, డీజిలు మీరు పోయించండి.

అత్తిలి_డిగ్రీ
మేం అయిదుగురం వస్తాం. డీజిలు మాది.